ముందే ఆమేన్ అన్న అంకె

ఇంటికి వెల కట్టడానికి వెళ్తే నేను వెంటనే టేపు బయటికి తీయను. ముందు ఓ అరగంట ఆ ఇంట్లో ఊరికే కూర్చుంటాను. ఇది నాకు పని నేర్పిన రాఘవయ్య గారి అలవాటు. "ముందు ఇంటిని మాట్లాడనివ్వవయ్యా, కొలతలు ఎక్కడికీ పారిపోవు" అనేవారాయన. ఇప్పటి కుర్రాళ్లు బైకు దిగకుండానే ఫోనులో వీధి పేరు కొట్టి రేటు చెప్పేస్తున్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నిజం చెప్పాలంటే ఆ అరగంటలో నాకు చాలాసార్లు కునుకు పడుతుంది. ఈ సంగతి బ్యాంకుల వాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మెలకువకీ నిద్రకీ మధ్య ఆ కాసేపట్లో ఇల్లు మెల్లగా విచ్చుకుంటుంది. ఏ తలుపు ఎక్కువసార్లు విసురుగా మూశారో, ఏ కిటికీ దగ్గర ఎవరు గంటల తరబడి నిలబడ్డారో తెలిసినట్టే ఉంటుంది. తెలిసినట్టు ఉండటమే గానీ రుజువేమీ లేదు, అందుకని అవేవీ రిపోర్టులో రాయను. మా ఆవిడ వసుమతి మాత్రం, "ఫీజు తీసుకుని మరీ నిద్రపోయే ఉద్యోగం మీదొక్కరిదేనండీ" అంటుంది. గుడివాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఈ ఊళ్లో ఎన్ని కుర్చీల్లో కునుకు తీశానో నాకే లెక్క లేదు.

మొన్న ఆషాఢంలో ఒక మధ్యాహ్నం నేను వెళ్లిన ఇల్లు అమీర్‌పేటకీ పంజాగుట్టకీ నడుమ, మెట్రో లైను వెనక సందులో ఉంది. ఆ సందులో మిగతావన్నీ హాస్టళ్లే. మైత్రీవనంలో కోచింగులకు వచ్చిన పిల్లలు గదికి ఆరుగురు చొప్పున ఉంటారు. ప్రతి బాల్కనీలో తువ్వాళ్లు, ప్రతి మెట్టు మీదా చెప్పులు. వాటి మధ్య ఇదొక్కటే ఒంటి అంతస్తు ఇల్లు. ముందు చిన్న వరండా, ఆకుపచ్చ చెక్క తలుపు. గోడలకి నిన్నో మొన్నో సున్నం వేసినట్టున్నారు, ఎండలో కళ్లు చికిలించాల్సి వచ్చింది.

"వందనాలు సార్, లోపటికి రాండ్రి" అంటూ ఎదురొచ్చింది లోయిస్. నలభై నాలుగేళ్లుంటాయి. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లి చేసుకోలేదు, పుట్టింది ఈ ఇంట్లోనే, ఉంటున్నదీ ఈ ఇంట్లోనే. వెనకాలే ఆమె అన్న మార్క్ వచ్చాడు. ఆర్టీసీలో మెకానిక్. భార్యతో, కూతురు ఒలీవియాతో బోయిన్‌పల్లిలో అద్దెకుంటాడు. ఇల్లు కట్టిన తండ్రి శాంతిరాజు ఎప్పుడో పోయాడు, తల్లి రూతమ్మ పోయి రెండేళ్లు. ఇప్పుడు ఇల్లు అన్నాచెల్లెళ్లిద్దరిదీ.

విషయం ఫోనులోనే చెప్పారు. నేను కట్టిన వెలలో సగం లోయిస్ అన్నకి ఇచ్చి ఇల్లు తన పేరిట రాయించుకుంటుంది. ఇవ్వలేకపోతే ఇల్లు బయటివాళ్లకి అమ్మేసి చెరిసగం పంచుకుంటారు. లోయిస్ జీతానికి బ్యాంకు ఇస్తానన్నది నలభై ఐదు లక్షలు, అంతకు మించి రూపాయి రాదు. అంటే నా అంకె తొంభై లక్షలు దాటితే లోయిస్ ఈ ఇంట్లోంచి వెళ్లిపోవాలి.

"అంకె విని మీరు బేరాలు మొదలుపెట్టరు కదా?" అని ముందే అడిగాను. ఇలాంటి పంపకాల్లో నాకు చాలా తిట్లు పడ్డాయి.

"లేదు సార్. పాస్టరయ్యను పిలిపించి ప్రార్థన చేసుకున్నం" అన్నాడు మార్క్. "మీరు ఏ అంకె రాస్తే గదే. ఒక్క రూపాయి తక్కువ తీస్కోను, ఒక్క రూపాయి ఎక్కువ అడగను. ఇద్దరం ఆమేన్ అన్నం."

"నేను ఇల్లు చూడకముందే ఆమేనా?"

"ఔ సార్" అంది లోయిస్, అందులో వింతేమీ లేనట్టు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. డాక్టరు నాడి పట్టుకోకముందే మందు మింగినవాళ్లని చూశాను గానీ ఇలాంటివాళ్లని చూడలేదు. వరండాలో కుర్చీ వేయించుకుని, నా అలవాటు సంగతి చెప్పి, ఓ అరగంట నన్ను వదిలేయమన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికి పోయారు.

బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. దగ్గరికి వస్తున్నట్టే వచ్చి మళ్లీ దూరమైపోతున్నాయి. పైన ఫ్యాను నింపాదిగా తిరుగుతోంది. సున్నం వాసన, లోపల ఏదో వేయిస్తున్న నూనె వాసన కలిసి వస్తున్నాయి. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలియదు.

కలలో నేను అదే ఇంట్లో టేపు పట్టుకుని తిరుగుతున్నాను. కానీ గదుల నిండా ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి. మంచం మంచానికీ ఒక బకెట్ వేలాడుతోంది. ముందుగదిలో గోడకి టిఫిన్ల పట్టిక అంటించి ఉంది. నేను మెట్లెక్కుతున్నాను, ఎంత ఎక్కినా ఇంకో అంతస్తు వస్తోంది. ఒంటి అంతస్తు ఇంటికి ఇన్ని మెట్లు ఎలా వచ్చాయని కలలో కూడా అనుమానం వచ్చింది. చివరికి చూస్తే నేను ఉత్త గాలిని కొలుస్తున్నాను. ఇంటి పైనున్న ఖాళీకి టేపు పట్టి, అడుగుకింత అని పుస్తకంలో రాసుకుంటున్నాను. కింద లోయిస్ తెల్లకోటు వేసుకుని, ఎవరివో చెప్పులు దాటుకుంటూ, ఒక్కొక్కరినీ అడుగుతోంది, "ఇది మా వంటిల్లే కదా?" అని. ఎవరూ తలెత్తడం లేదు. నేను చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు.

"సార్, చాయ్" అన్న పిలుపుకి లేచాను. ఎదురుగా లోయిస్. పళ్లెంలో గులాబీ పువ్వులు, వాళ్లిళ్లల్లో క్రిస్మస్‌కి వేయించే కరకరలాడే పిండివంట. ఆషాఢంలో వెల కట్టడానికి వచ్చిన మనిషి కోసం వేయించింది. టీ రెండు గుక్కల్లో తాగేశాను.

తర్వాత ఇల్లు చూపించారు. అప్పుడు మొదలైంది అసలు తమాషా.

"గీ మూల చూడుండ్రి సార్, వానొస్తే మొత్తం కారుతది" అన్నాడు మార్క్ ముందుగదిలో.

"గది పాత ముచ్చట అన్నా. పోయిన యేడు చేయించిన. ఇప్పుడు చుక్క పడదు సార్" అంది లోయిస్.

"పునాది సుత మంచిగ లేదు సార్. మా నాయన జల్ది జల్ది కట్టిండు."

"నాయన నిలబడి కట్టించిండు సార్. ఒక్కొక్క ఇటుక నీళ్లల్ల నానబెట్టి పెట్టించిండంట. అమ్మ చెప్పేది."

"సందులకు కారు రాదు, రాసుకోండ్రి."

"చిన్న కారు వస్తది సార్. పాస్టరయ్యది వస్తది కదా?"

నేను వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాను. ఎక్కువ వెల వస్తే లాభపడేవాడు ఇంటిని తిట్టిపోస్తున్నాడు. తక్కువ వెల వస్తే బతికిపోయే మనిషి సున్నం వేయించి, నేల కడిగించి, పెళ్లికూతురిలా ముస్తాబు చేసి చూపిస్తోంది. ఇద్దరికీ బుర్ర లేదనుకున్నాను. కొలతలు రాసుకుంటూ లోలోపల విసుక్కున్నాను.

వంటింట్లో కొలుస్తున్నప్పుడు మార్క్‌కి ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. ఇక ఉండబట్టలేక లోయిస్‌ని అడిగేశాను. "ఏంటమ్మా నువ్వు చేస్తున్న పని? ఇల్లు బాగుందని నువ్వన్న ప్రతిసారీ అంకె పెరుగుతుంది. అంకె పెరిగితే నువ్వు వెళ్లిపోవాలి. నీకు తెలియదా?"

"తెలుసు సార్" అంది. గ్యాస్ పొయ్యి పక్కన బండని చీర కొంగుతో తుడిచింది, అక్కడ మరకేమీ లేకపోయినా. "గింత మంచి ఇల్లును ఖరాబున్నదని చెప్పి సగం ధరకు తీస్కుంటే, అన్న సొమ్ము దొంగిలించినట్టే కదా. ఒలీవియా కాలేజీల చేరింది. అన్నకు సొంతిల్లు లేదు. నేను ఒక్కదాన్ని, ఏడనన్న ఉంట."

"ఎక్కడుంటావు?"

కిటికీలోంచి పక్క హాస్టలు గోడ వైపు చూస్తూ నిలబడింది. "పొద్దున ఆరుగంటలకు గీ కిటికీలకెంచి ఎండ వస్తది సార్, పది నిమిషాలే. గా రెండు బిల్డింగుల సందులకెంచి. అమ్మ గప్పుడే చాయ్ తాగేది. ఇప్పుడు నేను తాగుత" అంది. అంతే, మళ్లీ బండ తుడవడం మొదలుపెట్టింది.

పని ముగించుకుని బయల్దేరితే మార్క్ సందు చివరిదాకా వచ్చాడు. మెట్రో స్తంభం నీడలో ఆగి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, జర తక్కువ రాయుండ్రి. పగుళ్లున్నయని రాయుండ్రి. నేను తక్కువ తీస్కుంటనంటే ఆమె ఒప్పుకోదు, ఒలీవియాది గుంజుకున్నట్టయితదని అంటది. గందుకే పాస్టరయ్య ముందట ఆమేన్ అన్న. మీ చేతుల కెళ్లి తక్కువ అంకె వస్తే ఆమె నోరు మూసుకుని తీస్కుంటది."

"మరి మీకు డబ్బు అవసరం లేదా?"

"ఎందుకు లేదు సార్, మస్తున్నది" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "కానీ అమ్మ మంచం పట్టిన ఏడేండ్లు లోయిసే చూసింది. నేను ఆదివారం ఆదివారం వచ్చి పండ్లిచ్చి పోయిన. గా ఏడేండ్లకు ఏం రేటు కడతరు సార్ మీరు?"

నా దగ్గర దానికి రేటు లేదు. "తప్పుడు అంకె రాయడం నా వల్ల కాదు" అని మాత్రం గట్టిగా చెప్పి ఆటో ఎక్కాను. ఆటోలో కూర్చున్నాక నా గొంతులో ఆ కరకుదనం ఎందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు. వాళ్ల మీద కాదు కోపం. ఒకరి ప్రేమ ఒకరికి చెప్పుకోలేక ఇద్దరూ దాన్ని తెచ్చి నా టేపు మీద పెట్టారు. అంత బరువు మోసే టేపు కాదది.

రెండు రోజులు లెక్క వేశాను. నూట పది గజాల స్థలం. సందులో ఈ మధ్య అమ్ముడైన మూడు స్థలాల దస్తావేజులు చూశాను. గజం లక్షా పదివేలు. స్థలానికి కోటీ ఇరవై ఒక్క లక్షలు, పాత కట్టడానికి ఐదు లక్షలు. మొత్తం కోటీ ఇరవై ఆరు. అమ్మకం ధరల్ని ఎటు తిప్పి వేసినా అదే. లోయిస్ అరవై మూడు లక్షలివ్వాలి, అది ఆమె వల్ల కాదు. ఒక్క గీత అటు ఇటు గీస్తే తొంభైకి దించొచ్చు, పట్టుకునేవాడు కూడా ఎవడూ లేడు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వసుమతి వచ్చి, "ఏమిటండీ, మేలుకుని కూడా కలలు కంటున్నారా?" అంది.

అప్పుడే నాకు ఆ కల గుర్తుకొచ్చింది. ఇనప మంచాలు, తరగని మెట్లు, గాలిని కొలవడం. అది కల కాదు, నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. గజం లక్షా పదివేలంటే ఆ ఇంటి వెల కాదు. ఆ ఇంటిని కూల్చేస్తే అక్కడ లేవబోయే నాలుగంతస్తుల హాస్టలు వెల. ఆ ఇల్లు లేకుండా పోతే ఎంతో, దాన్నే ఇంటి విలువ అని రాసి సంతకం పెడుతున్నాను. ఇది తెలియని సంగతేం కాదు, పుస్తకాల్లో ఉన్నదే. కానీ మొదటిసారి సిగ్గేసింది.

శనివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ముగ్గురం ముందుగదిలో కూర్చున్నాం. బయట వాన పడేలా ఉంది, గదిలో వెలుగు పలచబడింది. సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను.

"వెల కట్టే పద్ధతులు రెండున్నాయి. రెండూ చట్టం ఒప్పుకున్నవే, రెండింట్లో అబద్ధం లేదు" అన్నాను. "మొదటిది అమ్మకం లెక్క. కొనేవాడు ఇల్లు కూల్చి హాస్టలు కట్టుకుంటాడు, ఆ ఆశకి ఎంతిస్తాడన్నది. కోటీ ఇరవై ఆరు లక్షలు. రెండోది అద్దె లెక్క. ఇల్లు ఇల్లుగానే ఉంటే, ఒక కుటుంబం కాపురం ఉండటానికి ఏడాదికి ఎంత అద్దె వస్తుంది, ఆ అద్దెని బట్టి ఇల్లు ఎంత చేస్తుందన్నది. ఎనభై ఎనిమిది లక్షలు."

రెండో కాగితంలో సగం నలభై నాలుగు. ఆ లెక్క వాళ్లిద్దరూ మనసులో వేసుకోవడం నాకు కనిపించింది.

"ఏది రాస్తరు సార్?" అన్నాడు మార్క్.

"నేను రాయను. మీరు చెప్పాలి. ఏ పద్ధతిలో కట్టాలో చెప్పడం యజమానుల హక్కు. మీరు ఆమేన్ అనేసి నా మీద పడేశారు. నేను దేవుణ్ణి కాదు, నా పేరు హనుమత్ప్రసాద్. ఇప్పుడు మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకోండి." కొంచెం గట్టిగానే అన్నాను. కోపంలో ఉంటే నాకు గొంతు వశంలో ఉండదు.

"మొదటిదే" అంది లోయిస్ వెంటనే.

"రెండోది" అన్నాడు మార్క్ అదే క్షణంలో.

"అన్నా, పంతొమ్మిది లక్షలు పోతయి నీకు!"

"పోతే పోనీ. నువ్వు ఏడికి పోతవ్? ఏదన్న హాస్టల్ల ఇనుప మంచం మీద పంటవా?"

"పండుకుంట. నాకేమైతది? ఒలీవియాకు ఏం చెప్తవ్, అత్తకు ఇచ్చేసిన అని చెప్తవా?"

"ఒలీవియానే చెప్పింది!" అని అరిచాడు మార్క్. "అత్త ఇల్లు అత్తకే ఉంచు నాన్నా అని గా పొల్లనే చెప్పింది. ఏడేండ్లు అమ్మకు నువ్వు చేసినవ్. నేను చెయ్యలె. గది నాకు గుర్తుంటలేదనుకుంటున్నవా? రోజు గుర్తొస్తది లోయిస్. పండుకుంటే గుర్తొస్తది."

బయట వాన మొదలైంది. డాబా మీద టపటపా పడుతున్న చప్పుడు గది నిండా పరుచుకుంది. ఎవరూ లైటు వేయలేదు. ఆ మసకలో వాళ్లిద్దరూ చిన్నపిల్లల్లా కనిపించారు, బల్లకి అటొకరు ఇటొకరు, ఎప్పుడో హోంవర్కు చేసుకున్నప్పుడు కూర్చున్నట్టు. అక్కడ నేనున్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. నేనూ కాసేపు మర్చిపోయాను.

"నేను అమ్మకు కూలికి చెయ్యలె అన్నా" అంది చివరికి, చాలా నెమ్మదిగా. "దానికి పైసలు కట్టి ఇయ్యకు."

మార్క్ తల దించుకున్నాడు. ఈ మాటతో అంతా చెడిందనుకున్నాను. రెండు కాగితాలూ సంచిలో పెట్టుకుని లేవబోతుంటే లోయిస్ నా వైపు తిరిగింది.

"సార్, రెండూ రాయొచ్చా?"

"రెండూ ఎలాగమ్మా?"

"ఇల్లు ఇల్లులెక్క ఉన్నన్ని దినాలు రెండో అంకె. గా లెక్కన ఇప్పుడు అన్నకు ఇచ్చేస్త. ఎన్నడన్న నేను అమ్మినా, కూలగొట్టినా, ఆ దినం మొదటి లెక్క. గప్పుడు ఏం ధర పలికితే గా దాంట్ల సగానికి, ఇప్పుడు ఇచ్చింది పోను మిగిలింది అన్నకు ముట్టాలె. అన్న లేకపోతే ఒలీవియాకు. ఇట్ల రాయొచ్చా?"

ముప్పై ఏళ్లలో నాకు తట్టని సంగతి. రక్తం బొట్టు మైక్రోస్కోపు కింద పెట్టి చూసే మనిషికి తట్టింది. "రాయొచ్చు" అన్నాను. "నా రిపోర్టులో రెండు అంకెలూ పెడతాను. మీ ఒప్పందంలో ఈ షరతు పెట్టి రిజిస్టరు చేయించుకోండి. మా వాడొక వకీలు ఉన్నాడు, పంపిస్తాను."

అక్కడికక్కడే తెల్లకాగితం మీద చిత్తు రాశాను, వాళ్లు వినేలా పైకి చదువుతూ. మార్క్ కాగితం తీసుకుని, కిటికీ వెలుతురులో పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా మళ్లీ చదివాడు.

"అంటే గీ ఇల్లు కూలితేనే నాకు మిగిలిన పైసలు."

"ఔ" అంది లోయిస్.

"నువ్వు ఈడ ఉన్నన్ని దినాలు నాకు రావు."

"రావు అన్నా."

మార్క్ జేబులోంచి పెన్ను తీశాడు. చిత్తు కాగితమే, సంతకం అక్కర్లేదని నేను చెప్పబోయాను, వినిపించుకోలేదు. ఒకసారి కళ్లు మూసుకుని తెరిచి, "అయితే గా పైసలు నాకు ఎన్నటికీ రావొద్దు" అన్నాడు. సంతకం పెట్టాడు.

లోయిస్ ఆమేన్ అనలేదు. అనే స్థితిలో లేదు. అన్న చేతిలోంచి పెన్ను తీసుకుని తన పేరు రాయబోయి, రెండు అక్షరాలు రాసి ఆగిపోయి, అతని భుజం మీద తల పెట్టేసింది. రావాల్సిన డబ్బు రావాలని సంతకాలు పెట్టేవాళ్లని రోజూ చూస్తాను. రాకూడదని మొక్కుకుని సంతకం పెట్టిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నాకక్కడ కూర్చోవడం చేతకాలేదు. సంచి అక్కడే వదిలేసి, వరండాలోకి వచ్చి, కళ్లు తుడుచుకుంటూ వాన చూస్తూ నిలబడ్డాను.